ఫోను మనది, తాళము ఎవరిది?

చిరకాలము విశాఖపట్టణము జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ 4వ తేదీన క్రొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరము, స్వయంభూ విఘ్నేశ్వరుని ఆలయమునకును, సమీపమున గోవాడలోనున్న సహకార చక్కెర కర్మాగారమునకును, చుట్టును పరచుకొనిన చెరకు పొలములకును పేరువడసిన పట్టణము. ఇచ్చటి రైతు నేడు బ్యాంకులో జమపడిన సొమ్ము కబురును, ఆధార్ ఓటీపీని, ఎరువుల కొట్టుకు చెల్లించిన యూపీఐ రసీదును, పాసుపుస్తకము ఫొటోను, ఆసుపత్రి చీటీలను, ఇంటివారి మాటలను మంతనములను ఒక్క స్మార్ట్‌ఫోనులోనే దాచుకొనుచున్నాడు. 2025 జనవరి 30వ తేదీన రాష్ట్ర ప్రభుత్వము ‘మన మిత్ర’ యను పేర 161 సేవలను వాట్సాప్ ద్వారా ప్రారంభించిన పిమ్మట, కచేరీల చుట్టును తిరిగి తెచ్చుకొనవలసిన ధ్రువపత్రములు కొన్ని సైతము ఆ ఫోనులోనికే వచ్చి చేరుచున్నవి. ఒక మనుష్యుని ఆర్థిక, ఆరోగ్య, కౌటుంబిక వ్యవహారములు మూడును ఇట్లు ఒక్క యంత్రమున గుమిగూడినపుడు, ఆ యంత్రమును నడపునది ఎవరి యాజ్ఞకు లోబడియున్నది, దానిని మార్చుకొను స్వేచ్ఛ కొన్నవానికి కలదా లేదా యను ప్రశ్న నిపుణులకే విడిచిపెట్టదగినది కాదు.

ఏకాంతము పౌరుని హక్కు అని సుప్రీంకోర్టులో తొలినాళ్లలోనే గట్టిగా పలికినవారు మన తెలుగువారు. రాజమహేంద్రవరమున 1902లో జన్మించి, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తియై, అనంతరము భారత ప్రధాన న్యాయమూర్తి పదవి నలంకరించిన కోకా సుబ్బారావుగారు, 1962 డిసెంబరులో వెలువడిన ఖడక్ సింగ్ కేసులో అధికసంఖ్యాకులైన న్యాయమూర్తులతో విభేదించిరి. దోపిడి కేసులో సాక్ష్యము చాలక విడుదలయైన ఒక వ్యక్తిపై ఉత్తరప్రదేశ్ పోలీసులు నిఘా వేసి, రాత్రివేళ తలుపు తట్టుచు, రాకపోకలను కనిపెట్టుచుండిరి. రాత్రి సోదాలు చెల్లవనియు, తక్కిన నిఘాకు అడ్డు లేదనియు అధికసంఖ్యాకులు తీర్పు చెప్పగా, జస్టిస్ షా గారితో కూడి సుబ్బారావుగారు మాత్రము, ఏకాంతము వ్యక్తిస్వాతంత్ర్యమున ముఖ్యాంగమనియు, నిరంతరము తన్నెవరో కనిపెట్టుచున్నారని యెరిగినవాడు కాళ్లకు సంకెల లేకున్నను మనసున బందీయే యగుననియు భావము వచ్చునట్లు వ్రాసి, ఆ నిఘా నిబంధనను మొత్తముగా త్రోసివేయవలెనని నిర్ణయించిరి.

అల్పసంఖ్యాకమైన ఆ అభిప్రాయము ఏబదియైదు సంవత్సరములకు చట్టమైనది. 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారి కేసులో, గోప్యత రాజ్యాంగము ప్రసాదించిన ప్రాథమిక హక్కేయని ఏకగ్రీవముగా ప్రకటించెను. ఆ ధర్మాసనమున కృష్ణాజిల్లా మొవ్వ ప్రాంతమువారైన జస్టిస్ జాస్తి చలమేశ్వర్‌గారును ఉండి, ప్రత్యేకముగా వ్రాసిన తమ తీర్పులో, అనవసరపు అలజడి లేని విశ్రాంతి, ఇతరుల దృష్టి సోకని ఆశ్రయము, ఆంతరంగిక విషయములను తానే నిర్ణయించుకొను స్వేచ్ఛ యను మూడు ముఖములను గోప్యతయందు గుర్తించిరి. సుబ్బారావుగారి కాలమున నిఘావాడు వీథిలో నిలిచి కనిపెట్టవలసి యుండెను. నేడు ఆ పని మనము డబ్బిచ్చి కొని జేబులో వేసికొను వస్తువే చేయగలదు. అది చేయునో మానునో నిర్ణయించునది అందలి ఆపరేటింగ్ సిస్టమ్.

మనము తాకు ప్రతి యాప్‌నకును, కెమెరా, మైకు, సిమ్ము, జీపీఎస్ మొదలైన అంగములకును నడుమ నిలిచి, ఎవరికి ఏది ఇయ్యవలెనో ఏది ఇయ్యరాదో తేల్చు అధికారి ఆపరేటింగ్ సిస్టమ్. మన దేశమున నూటికి తొంబదికి పైగా ఫోనులలో ఆ స్థానము ఆండ్రాయిడ్‌ది. డబ్లిన్ నగరములోని ట్రినిటీ కళాశాల ఆచార్యుడు డగ్లస్ లీత్ 2021 మార్చిలో ప్రకటించిన పరిశోధనలో, ఎవరును తాకక బల్లమీద నూరక పడియున్నప్పుడు సైతము ఆండ్రాయిడ్ ఫోనును, ఐఫోనును సగటున నాలుగున్నర నిమిషముల కొకసారి తమతమ యజమాని సంస్థలకు సమాచారము పంపుచున్నట్లు తేలినది. అదే సంవత్సరము అక్టోబరులో, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయమువారితో కలిసి చేసిన మరియొక పరిశోధనలో శామ్‌సంగ్, షావోమీ, రియల్‌మీ, హువావే ఫోనులను పరీక్షింపగా, ఫోను చేసిన సంస్థకును, ముందే వేసియుంచిన యాప్‌ల యజమానులకును గణనీయముగా సమాచారము పోవుచున్నట్లు కనబడినది. పరీక్షించిన వానిలో ‘ఈ-ఓఎస్’ అను ఒక్క ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రమే దాదాపుగా ఏమియు పంపకుండ నిలిచినది.

ఈ-ఓఎస్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఎచ్చటినుండి వచ్చినవి? ఆండ్రాయిడ్‌నకు రెండు భాగములున్నవని తెలిసికొన్నచో విషయము తేటపడును. మూలభాగమును గూగుల్ సంస్థ ఓపెన్ సోర్సుగా లోకమునకు విడుదల చేయును. దానిని ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. ప్లే స్టోరు, మ్యాప్స్, వాని వెనుక నిరంతరము మెలకువగానుండు ప్లే సర్వీసెస్ మాత్రము గూగుల్ సొంత సొత్తు. వాని లోపలిభాగము బయటివారికి కనబడదు. ఓపెన్ భాగమును తీసికొని, రెండవభాగమును తొలగించియో, దాని అధికారములను కత్తిరించియో తయారుచేసినవే ఈ గోప్యతాప్రధానములైన ఆపరేటింగ్ సిస్టమ్‌లలో పెక్కు. ‘మాండ్రేక్ లినక్స్’ను నిర్మించిన ఫ్రాన్సు దేశస్థుడు గయెల్ డ్యువాల్ ప్రారంభించిన ఈ-ఓఎస్ మొదటి మార్గమును అవలంబించి, గూగుల్ సేవలను తొలగించి, వాని చోట ప్రత్యామ్నాయములను కూర్చినది. కెనడాలో డానియల్ మికే 2014లో ఆరంభించిన కృషినుండి పుట్టి, 2019 నుండి గ్రాఫీన్ ఓఎస్ అను పేర నడుచుచున్నది రెండవ మార్గమునకు ఉదాహరణము. అందులో ప్లే స్టోరు కావలసినవారు వేసికొనవచ్చును గాని, దానికి ప్రత్యేకాధికారము లేవియు నుండక, తక్కిన యాప్‌లతోపాటు అనుమతి యడిగి నడచుకొనవలసినదే. ఏ యాప్‌నకైనను ఇంటర్నెట్టునే నిరాకరించుటకు వీలున్నది. వాట్సాప్‌నకు ఫోనులోని నంబర్లన్నియు కాక మనము ఎంచిన నాలుగింటినే చూపుటకును వీలున్నది. పదునెనిమిది గంటలు ఎవరును తెరువనియెడల ఫోను తనంతట తాను ఆరి మరల వెలిగి, లోపలి సమాచారమును గట్టి తాళములోనికి మరల్చుకొనును.

ఇంతవరకు సాఫ్ట్‌వేరు కథ. అంత మంచి సాఫ్ట్‌వేరు ఉచితముగా దొరకుచుండగా, చోడవరము మెయిన్ రోడ్డులోని ఏ మొబైలు దుకాణమునకు వెళ్లినను అది వేసిన ఫోను ఒక్కటియు ఎందులకు కనబడదు? దీనికి సమాధానము హార్డ్‌వేరులో నున్నది.

చెరకు రైతుకు ఈ సంగతి కాటా దృష్టాంతముచే సులభముగా బోధపడును. చెరకుబండి కాటామీది కెక్కినపుడు అంకె కనబడునేగాని లోపలి అమరిక కనబడదు; రైతు దానిని నమ్ముట తూనికలు కొలతల శాఖవారు పరీక్షించి వేసిన ముద్రను బట్టి. ఆ ముద్ర చెదరినచో, తూచువాడు ఎంత సత్యసంధుడైనను, ఆ తూకమునకు విలువ లేదు. ఫోనులో ఆ ముద్రస్థానమును ‘వెరిఫైడ్ బూట్’ అను ఏర్పాటు వహించుచున్నది. ఫోను వెలిగిన ప్రతిసారియు, చిప్పులో మార్చుటకు వీలులేని రీతిని పొదిగిన డిజిటల్ తాళముచెవితో ఆపరేటింగ్ సిస్టమ్ సంతకమును సరిచూచి, నడుమ ఎవరైనను చేయిపెట్టియున్నచో నడచుటకు నిరాకరించును. ఆ తాళముచెవి ఫోను చేసిన సంస్థది. కొన్నవాడు వేరొక ఆపరేటింగ్ సిస్టమ్ వేసికొనదలచినచో ముందుగా బూట్‌లోడర్ అను ఆరంభ ప్రోగ్రాము తాళమును తీయవలెను. అనేక సంస్థలు దానిని తీయనీయవు. తీయనిచ్చిన సంస్థలలోను, క్రొత్త ఆపరేటింగ్ సిస్టమ్ సంతకముతో తిరిగి తాళము వేసికొననిచ్చునవి మిక్కిలి కొద్ది. తాళము తీసి అట్లే వదలిన ఫోను గోప్యత కొరకు బయలుదేరి భద్రతను పోగొట్టుకొన్నదగును. అది దొంగచేతికి చిక్కినపుడు, లోపలి ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చి మరల మనచేతి కిచ్చినను తెలియదు.

తాళమొక్కటియే కాదు. సిమ్ము సంకేతములను నడపు మోడెమ్, వైఫై చిప్పు, కెమెరా మొదలైన వానిలో ఒక్కొక్కదానికి దాని సొంత ఫర్మ్‌వేరు కలదు. అది చిప్పు చేసినవారి రహస్యము. అందులో లోపము బయటపడినపుడు సవరించి పంపవలసినవారు వారే. వారు మానుకొన్ననాడు, పైన ఎంత శ్రద్ధతో వ్రాసిన ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నను ప్రయోజనము తగ్గిపోవును. కనుకనే గోప్యతను కోరి ఆపరేటింగ్ సిస్టమ్ వ్రాయువారందరికి, నేడో రేపో, హార్డ్‌వేరు భాగస్వామి యొకడు అవసరమగుచున్నాడు.

ఆ భాగస్వామ్యములు లోకమున పలువిధములుగా నున్నవి. ఆమ్‌స్టర్‌డామ్ నగరమున 2013లో స్థాపితమై, సామాన్యుడే విప్పి బ్యాటరీని, స్క్రీనును మార్చుకొనగల ఫోనులను చేయు ఫెయిర్‌ఫోన్ సంస్థ, డ్యువాల్‌గారి మురేనా సంస్థతో చేయి కలుపగా, ఈ-ఓఎస్ వేసిన ఫెయిర్‌ఫోనులు నేరుగా అమ్మకమునకు వచ్చినవి. 2023లో వచ్చిన ఫెయిర్‌ఫోన్ 5నకు ఎనిమిది సంవత్సరములపాటు భద్రతా సవరణలు పంపుదుమని ఆ సంస్థ మాట యిచ్చినది. అమెరికాలోని ప్యూరిజమ్ సంస్థ రెండు పనులును తానే పూని, లిబ్రెమ్ 5 అను ఫోనునకు ప్రక్కన చిన్న మీటలు అమర్చి, వానిని నొక్కినచో కెమెరా మైకులకును, వైఫైకిని, మొబైల్ నెట్‌వర్కునకును విద్యుత్తే అందకుండ చేసినది. గ్రాఫీన్ ఓఎస్ వారి స్థితి వీరందరికంటె విచిత్రము. తిరిగి తాళము వేసికొననిచ్చుట, తాళముచెవులను దాచు ప్రత్యేక భద్రతా చిప్పు, జ్ఞాపకస్థానములోని లోపములను హార్డ్‌వేరే పట్టుకొను ఏర్పాటు, ప్రతినెల సవరణలు, వీనినన్నిటిని వారు నియమముగా పెట్టుకొనగా, ఆ నియమములకు నిలిచినవి చిరకాలము గూగుల్ చేసిన పిక్సెల్ ఫోనులు మాత్రమే. గూగుల్ దృష్టినుండి తప్పించుకొనగోరువాడు ముందుగా గూగుల్ ఫోను కొనవలసివచ్చినది!

ఆ ఆధారము ఎంత బలహీనమో 2025 జూన్‌లో తెలిసినది. ఆండ్రాయిడ్ 16 వెలువరించినపుడు గూగుల్ సంస్థ, పిక్సెల్ ఫోనుల హార్డ్‌వేరునకు సంబంధించిన మూలసంకేతమును పూర్వమువలె బయటపెట్టలేదు. వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లు వ్రాయువారు అంతదాక చేతికందుచుండిన దానిని స్వయముగా ఊహించి నిర్మించుకొనవలసివచ్చెను. ఆ యేటి అక్టోబరులో గ్రాఫీన్ ఓఎస్ వారు, ఒక పెద్ద తయారీసంస్థతో కలిసి పనిచేయుచున్నామని ప్రకటించుటకు కారణము సులభముగా గ్రహింపవచ్చును.

మన దేశమున ఇట్టి భాగస్వామ్యములు మొలకెత్తలేదనుకొనుట పొరపాటు, మొలకెత్తినవి, వాడిపోయినవి. 2014 ఆగస్టులో ఇంటెక్స్ సంస్థ 1,999 రూపాయలకే ఫైర్‌ఫాక్స్ ఓఎస్ వేసిన ‘క్లౌడ్ ఎఫ్ఎక్స్’ ఫోనును విపణిలోనికి తెచ్చినది. మరుసటి యేడు డిసెంబరునాటికే, ఆ ఓఎస్‌ను నిర్మించిన మొజిల్లావారు ఫోనులనుండి విరమించుకొనిరి. అదే ఇంటెక్స్ 2016లో, నోకియా సంస్థను విడిచివచ్చిన ఫిన్లాండు దేశపు నిపుణులు నిర్మించిన సెయిల్‌ఫిష్ ఓఎస్‌తో ‘ఆక్వా ఫిష్’ను తెచ్చినను అదియు వర్ధిల్లలేదు. ఇంతకంటె ప్రసిద్ధమైనది సైనోజెన్ వ్యవహారము. ప్రతి యాప్ అనుమతులను కత్తిరించు ‘ప్రైవసీ గార్డ్’ను చాలమందికి మొదట పరిచయము చేసిన ఆ ఆపరేటింగ్ సిస్టమ్, వన్‌ప్లస్ ఫోనులతో మన దేశమునకు వచ్చుచుండగానే, దానిని నడపు సంస్థ మైక్రోమ్యాక్స్‌నకు భారతదేశమున ప్రత్యేక హక్కు నిచ్చినది. 2014 డిసెంబరులో తగవు ఢిల్లీ హైకోర్టు కెక్కి వన్‌ప్లస్ అమ్మకములు కొలదిదినములు నిలిచిపోయినవి. రెండేండ్లు తిరుగునంతలో, 2016 డిసెంబరు చివర, సైనోజెన్ సంస్థ తన సేవలనే మూసివేసినది. ఆ శిథిలములనుండి స్వచ్ఛంద కార్యకర్తలు లేవనెత్తినదే నేటి లీనియేజ్ ఓఎస్. ఈ-ఓఎస్‌నకు పునాది యదియే.

ఈ మొలకలు వాడుటకు వ్యాపారదక్షత లేకుండుట యొక్కటియే కారణము కాదని 2022 అక్టోబరు 20వ తేదీన భారత కాంపిటీషన్ కమిషన్ ఇచ్చిన ఉత్తరువువలన తెలియును. ప్లే స్టోరు కావలసిన తయారీదారుడు గూగుల్ యాప్‌ల గుంపునంతటిని ముందే వేసియుంచవలెననియు, మార్చిన ఆండ్రాయిడ్ వేసిన ఫోనును వేరొకటి చేయరాదనియు గూగుల్ సంస్థ ఒడంబడికలు వ్రాయించుకొనుచున్నదని కనిపెట్టి, కమిషన్ 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించెను. ప్లే స్టోరు లేని ఫోను మన విపణిలో అమ్ముడుపోదు. దానిని కోరిన తయారీదారునికి వేరు ప్రయోగము చేయుటకు వీలులేకుండెను. 2023 జనవరిలో గూగుల్ సంస్థ మన దేశము వరకు ఆ షరతులను కొంత సడలించినది. ఆ మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను స్థిరపరచుచు, కమిషన్ ఆదేశములలో కొన్నిటిని కొట్టివేసినది.

హార్డ్‌వేరు విషయమున ఆంధ్రదేశము వెనుకబడియుండలేదు. 2015 ఆగస్టు 10వ తేదీన విశాఖపట్టణమున, ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడుగారి సమక్షమున, షావోమీ సంస్థ తన మొదటి ‘భారతదేశములో తయారైన’ ఫోనును, రెడ్‌మీ 2 ప్రైమ్‌ను, 6,999 రూపాయల ధరకు ఆవిష్కరించెను. దానిని కూర్చినది శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారము. మన చేతులే ఫోనులను కూర్చినను, వానిని వెలిగించు సంతకము మనది కాలేదు. ఆ కొరతను తీర్చ నుద్దేశించిన ప్రయత్నము 2023 జనవరిలో మద్రాసు ఐఐటీనుండి వచ్చినది. అచ్చటి ప్రవర్తక్ సంస్థ అండతో జాండ్‌కాప్స్ అను కంపెనీ నిర్మించిన ‘భారోస్’లో ముందుగా వేసిన యాప్‌లు ఉండవు, సంస్థలు పరీక్షించి ఆమోదించిన యాప్‌లే వారివారి ప్రత్యేక స్టోర్లనుండి వచ్చును. రహస్యపాలన ముఖ్యమైన సంస్థల నుద్దేశించి మొదలైన ఈ ఆపరేటింగ్ సిస్టమ్ మొబైలు దుకాణపు అరలోనికి రావలెనన్నచో, దానికిని తాళముచెవి నిచ్చు తయారీదారుడు కావలసినదే.

అట్లని తాళము స్వదేశీయుల చేతిలోనున్నంత మాత్రమున చాలునా? 2025 నవంబరు 28వ తేదీన కేంద్ర టెలికాం శాఖ, ‘సంచార్ సాథీ’ యాప్‌ను ప్రతి క్రొత్త ఫోనులోను ముందే వేసియుంచవలెనని తయారీదారులను ఆదేశించినది. పోయిన ఫోనులను వెదకుట, మోసపు కనెక్షన్లను పట్టుట దాని యుద్దేశము. దేశమంతట ఆక్షేపణ చెలరేగగా, డిసెంబరు 3వ తేదీన ఆ నిర్బంధమును ఉపసంహరించుకొనిరి. ఉద్దేశము మంచిదే కావచ్చును. కాని కొన్నవాని సమ్మతి లేకుండ ఫోనులో ఒక వస్తువును పెట్టుట, పెట్టువాడు విదేశీయ కంపెనీయైనను స్వదేశీయ ప్రభుత్వమైనను, ఒకే హక్కును తాకుచున్నది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము సమ్మతిని మూలసూత్రముగా నిలిపినది. 2025 నవంబరులో వెలువడిన నియమములనుబట్టి ముఖ్యబాధ్యతలు 18 నెలల పిమ్మట అమలునకు వచ్చును.

ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌లను సర్వరోగనివారిణులుగా పొగడుట కూడ సత్యము కాదు. ఫోను ఏ టవరు పరిధిలోనున్నదో సిమ్ము కంపెనీకి తెలియుచునేయుండును. వాట్సాప్‌లో ఎవరెవరితో మాటలాడితిమో ఆ సంస్థ యెరుగును. మనమే నోరార చెప్పిన ఓటీపీని ఏ వెరిఫైడ్ బూటును వెనుకకు తేజాలదు. కొన్ని బ్యాంకు యాప్‌లు గూగుల్ ధ్రువీకరణము లేని ఆపరేటింగ్ సిస్టమ్‌పై నడువ నిరాకరించును. పిక్సెల్ 9ఏ 2025లో మన దేశమున 49,999 రూపాయలకు వచ్చినది. ఫెయిర్‌ఫోన్ ఐరోపా విపణి నుద్దేశించినది. పదివేల రూపాయల ఫోనుతో కాలము గడపు గృహస్థునకు ఇవి నేటికి దూరపు కొండలే. కాని అట్టివానికే రక్షణ అధికముగా కావలెను. ఖాతా ఖాళీయైనపుడు తట్టుకొను శక్తి అతనికి తక్కువ.

అతడు ఇప్పుడే చేయదగిన పనులు కొన్ని యున్నవి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ భాగమును తెరచి, టార్చి యాప్‌నకు లొకేషను, ఆటల యాప్‌నకు కాంటాక్టులు ఇచ్చియున్నచో తీసివేయవలెను. ఎవరో వాట్సాప్‌లో పంపిన ఏపీకే ఫైలును ఎన్నడును వేసికొనరాదు. బాగుకు ఇచ్చునపుడు పిన్ను చీటీమీద వ్రాసి యిచ్చుటకంటె, వీలైనంతవరకు ఎదుట కూర్చుండి చేయించుకొనుట మేలు. సవరణలు వచ్చినపుడు వాయిదా వేయక వేసికొనవలెను. వీనికి పైసా ఖర్చు లేదు.

క్రొత్త ఫోను కొనునపుడు మాత్రము, కెమెరా ఎన్ని మెగాపిక్సెల్‌లని అడుగువాడు మరి మూడు ప్రశ్నలు చేర్చవలెను: దీనికి ఎన్ని సంవత్సరములు భద్రతా సవరణలు వచ్చును? ముందే వేసిన యాప్‌లను తీసివేయవచ్చునా? బూట్‌లోడర్ తాళమును తీసి, నా ఇష్టమైన ఆపరేటింగ్ సిస్టమ్‌తో తిరిగి వేసికొనవచ్చునా? మొదటిదానికి సమాధానమును నేడు కొన్ని కంపెనీలు తామే ప్రకటించుచున్నవి. ఏడేండ్లు, ఎనిమిదేండ్లు అని అవి పోటీపడుచున్నవి. తక్కిన రెండును ఆ త్రోవనే రావలసియున్నవి. వానిని తయారీదారుని విధిగా చట్టములో వ్రాయుమని శాసనకర్తలను అడుగుటయు పౌరుల పనియే. ఏలయన, 2017లో న్యాయస్థానము హక్కును నిలిపినదిగాని, దానిని అనుభవించుటకు కావలసిన తాళముచెవిని తయారీదారుని చేతినుండి ఇప్పించు చట్టము ఇంకను వ్రాయవలసియున్నది.